గంట మోగాక మాట్లాడకూడదు

ఇంట్లో ఉంటూనే మఠంలో ఉన్నట్టు బతకడానికి ఏయే పుస్తకాలు చదవాలో రాసి పంపమని, మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు నలుగురు ఫాదర్ గారి ద్వారా నన్ను అడిగారు. ఒకామె సత్తెనపల్లిలో టీచరు. ఇద్దరు కారంపూడి వాళ్ళు. అందరూ పెళ్ళయి, పిల్లలున్నవాళ్ళే. వాళ్ళకు ఈ కోరిక ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. పొద్దున లేచినప్పటి నుంచి ఇంట్లో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. మాటలు లేని చోటు ఒకటి ఉందని ఎక్కడో చదివితే ప్రాణం లేచొస్తుంది. నాకూ అలాగే లేచొచ్చింది.

పుస్తకాల పేర్లు రాయడం పది నిమిషాల పని. అవి తర్వాత పంపిస్తాను. ముందు ఇది చదవండి. జబ్బు అదుపులోకి వచ్చిందని డాక్టర్లు చెప్పారు కాబట్టి నింపాదిగా రాయగలుగుతున్నాను.

పందొమ్మిదో ఏట నేను మూసిన మఠంలో చేరాను. చేరినవాళ్ళు మళ్ళీ గడప దాటని మఠం అది. నాలుగు నెలలున్నాను. అమ్మ పోయిందని నాన్న మనిషిని పంపితే వచ్చాను. అప్పటికి తమ్ముడు శౌరికి తొమ్మిదేళ్ళు. తిరిగి వెళ్ళడం కుదరలేదని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి నన్ను ఎవరూ ఆపలేదు. ఇంటి పెద్దరికం చేతికొచ్చాక వదలబుద్ధి కాలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది.

పెద్దరికం అన్నాను గానీ, అప్పటికే పేరు తప్ప ఏమీ లేదు. మా ఊరి చర్చికి స్థలం ఇచ్చింది మా తాత. గోడలకు రాయి మా క్వారీ నుంచే పోయింది. నాన్న సర్పంచి పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడాడు. ఆ పగల మీద నడిచిన దావాల్లో పొలాలు పోయాయి, క్వారీ పోయింది. మేడ పైభాగం ఒక తుఫానుకు కూలితే మళ్ళీ కట్టలేదు. కింద హాలు, రెండు గదులు, ఎనిమిదిమంది కూర్చునే టేకు బల్ల మిగిలాయి. ఇవి కాక ఒక్క హక్కు మిగిలింది. గుడ్‌ఫ్రైడే నాడు చర్చిలో ప్రభువు పాటుల చరిత్ర, అంటే ఆయన సిలువ శ్రమల కథ చదివేటప్పుడు, కథ చెప్పే భాగం మా ఇంటివాళ్ళే చదవాలి. తాత చదివాడు. నాన్న చదివాడు. తమ్ముడికి నత్తి కాబట్టి ఆ తర్వాత నేను చదివాను. మైకు అక్కర్లేని గొంతు నాది.

మఠంలో భోజనాల వేళ ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్ళు తల వంచుకుని మాట్లాడకుండా తింటారు. ఇరవయ్యేళ్ళ కిందట నాన్న పోయాక ఆ నియమం మా ఇంట్లో పెట్టాను. బల్ల మీద చిన్న ఇత్తడి గంట ఉండేది. అది మోగిందంటే ఇక మాట ఉండకూడదు. మఠంలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన నోటుబుక్కు ఒకటి నా దగ్గర ఉండేది. ఎక్కడ మంచి వాక్యం కనపడినా అందులో ఎక్కించుకునేదాన్ని. అది పెరిగి పెరిగి, కుట్టు వేసి కుట్టు వేసి, ఇటుకంత మందమైంది. అందులోంచి చదివేదాన్ని. తమ్ముడు, అతని భార్య లూర్దు తల వంచుకుని తినేవాళ్ళు. వాళ్ళకు పిల్లలు లేరు. తొమ్మిదేళ్ళ కిందట తమ్ముడు గుండెపోటుతో పోయాడు. ఆ బల్లకు ఇద్దరమే మిగిలాం. అయినా గంట మోగించడం మానలేదు.

నా జబ్బు నిరుటి తపస్సు కాలానికి ముందే, క్రిస్మస్ రోజుల్లోనే మొదలైంది. గొంతు బొంగురుపోయింది. కళ్ళంలో దుమ్ము అనుకున్నాను, చలికాలపు మంచు అనుకున్నాను. నలభై రోజుల తపస్సు మొదలయ్యే విభూది బుధవారం దగ్గరపడేసరికి పేజీ చదివితే ఊపిరి చాలేది కాదు. అదే సమయంలో మౌనం గురించి ఒక పుస్తకం చదువుతున్నాను. దేవుడు ఒక మనిషిని తన దగ్గరికి పిలుచుకునేటప్పుడు ముందుగా ఆ మనిషి మాటలు తీసేసుకుంటాడని అందులో ఉంది. నాకు వెలుగు కనపడినట్టయింది. నా గొంతు పోవడం జబ్బు కాదు, పిలుపు. మఠం తలుపు ఇన్నాళ్ళకు నా కోసం తెరుచుకుందనుకున్నాను.

విభూది పెట్టించుకుని వచ్చి, గుడ్‌ఫ్రైడే దాకా మౌనం పాటిస్తానని కాగితం మీద రాసి లూర్దుకు చూపించాను. ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది.

"మరి అన్నం కాడ ఎవురు చదువుతారు వదినా?"

ఎవరూ చదవరని చేత్తో చెప్పాను.

"అయితే మన ఇద్దరం మూగోళ్ళలాగా గిన్నెలు మోగించుకుంటా తినాలన్నమాట," అని నవ్వింది. నేను నవ్వలేదు.

ఊళ్ళో నా మౌనానికి పేరొచ్చింది. చర్చి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. మా ఇంటికి ఆ మాత్రం మర్యాద దక్కి చాలా ఏళ్ళయింది. ఆ నలభై రోజులూ నేను వెన్ను నిటారుగా పెట్టుకుని నడిచాను. నా గొంతు ఎలా ఉందో వినే అవకాశం ఎవరికీ లేదు. నాకు కూడా లేదు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం లూర్దు పచ్చడి వేస్తూ వంగి నా మెడ వంక చూసింది.

"వదినా, నీ మెడకాడ ఏందో ఉబ్బింది. మౌనం పట్టకముందు గూడా నీ గొంతు బాగలా. నిద్దర్లో ఈల వేసినట్టు ఊపిరి తీస్తన్నావు. నరసరావుపేట పోయి చూపిచ్చుకుందామా?"

నేను గంట మోగించాను.

ఆమె నోరు మూసుకుంది. తల వంచుకుని తింది. ఆ రోజు నాకు కోపం వచ్చింది జబ్బు మాట ఎత్తినందుకు కాదు, గంట ఉన్న బల్ల దగ్గర మాట్లాడినందుకు. చీర కొంగు మెడ చుట్టూ కప్పుకోవడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

గుడ్‌ఫ్రైడే వచ్చింది. నలభై రోజులు దాచుకున్న గొంతు కదా, ఈసారి చర్చి గోడలు దద్దరిల్లుతాయనుకున్నాను. తోటలో ప్రభువును పట్టుకునే చోట మొదలవుతుంది చదువు. మొదటి వాక్యం బొంగురుగా వచ్చింది. రెండోది సగం వచ్చింది. మూడోదానికి నోరు కదిలింది గానీ గాలి మాత్రమే వచ్చింది. వెనక ఎవరో పసిబిడ్డ ఏడ్చింది, ఆ ఏడుపు నా గొంతు కన్నా గట్టిగా ఉంది. చర్చిలో పాఠాలు చెప్పే ఉపదేశి వచ్చి నా చేతి కింద నుంచి పుస్తకం తన వైపు జరుపుకుని అక్కడి నుంచి అందుకున్నాడు. చక్కగా చదివాడు. అదీ నా బాధ.

ఇంటికొచ్చి పడుకున్నాను. తాత ఏమనుకుంటాడు, నాన్న ఏమనుకుంటాడు అనే ఆలోచన తప్ప, నాకు జబ్బేమోనన్న ఊహ అప్పుడు కూడా రాలేదు. ఈస్టరు మర్నాడు లూర్దు నా బట్టలు సంచిలో సర్ది గుమ్మంలో నిలబడింది. "నువ్వు గంట కొట్టుకో, ఏమన్నా కొట్టుకో. నేను ఆటో పిలిచా," అంది.

నరసరావుపేటలో డాక్టరు గొంతులోకి సన్నని గొట్టం దించి చూశాడు. ఒక స్వరతంతువు కదలడం లేదన్నాడు. మెడ తడిమాడు. ముఖం మారింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

లూర్దు చెప్పింది. "క్రిస్మస్ కాణ్ణుంచి."

"నాలుగు నెలలా? ఇంట్లో మీరు గమనించలేదా అమ్మా? ఈమెతో మాట్లాడరా మీరు?"

లూర్దు నా వైపు చూడలేదు. "మాది పల్లెటూరు డాక్టరు గారూ. మాకు తెలీలేదు," అంది.

అలా నా తప్పు ఆమె నెత్తిన వేసుకుంది. నాకు రాసే కాగితం చేతిలోనే ఉంది. "ఆమె చెప్పింది, నేను వినలేదు" అని రాయడానికి ఎంతసేపు? రాయలేదు. డాక్టరు ఆమెను ఇంకో రెండు మాటలు అన్నాడు. ఆమె పడింది.

తర్వాత గుంటూరు. థైరాయిడ్ క్యాన్సర్ అని తేల్చారు. వరండాల్లో కూర్చోవడం అంటే ఏమిటో అప్పుడు నేర్చుకున్నాను. అక్కడ కాంపౌండరు తలుపు సందులోంచి పేరు పిలుస్తాడు. "ఉన్నా" అని గట్టిగా అనాలి. అనకపోతే కాగితం అడుక్కి పోతుంది. లూర్దు మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు నా పేరు పిలిచారు. నేను లేచి నిలబడ్డాను. లేచి నిలబడితే చాలదా? మా నాన్న లేచి నిలబడితే పంచాయతీ ఆగేది. కాంపౌండరు ఇంకో పేరు పిలిచాడు. కౌంటరు దగ్గరికి పరిగెత్తి చేతులు ఊపడం నావల్ల కాలేదు. కూర్చున్నాను. రెండోసారీ అంతే.

పక్కన ఈపూరు నుంచి వచ్చిన ఒకామె ఉంది. రాళ్ళు కొట్టే పనికి పోతుందట, అరచేతులు గరుకుగా ఉన్నాయి. నుదుట పెద్ద బొట్టు. ఆమె లేచి కేక పెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఇందాకటి నుంచి ఈ అక్క లేచి నిలబడతా ఉంటే కళ్ళు కనపడట్లా? ఆమెకు గొంతు లేదురా! ముందు ఆమెను పంపియ్యి!"

వరండా మొత్తం నా వంక చూసింది. ఆమె నా మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది. నేను ఆమెకు దణ్ణం పెట్టలేదు. నాకు గొంతు లేదన్న సంగతి మొదటిసారి బయటికి చెప్పిన మనిషి ఆమె. అందుకు ఆమె మీద ఒళ్ళు మండింది. ఆమె పేరు కూడా అడగలేదు. ఈ మధ్య జపమాల చెప్పుకుంటూ "ఈపూరామె" అని తలుచుకుంటాను. అంతకు మించి నా దగ్గర ఆమె ఆనవాలు లేదు.

జూలైలో ఆపరేషన్. గడ్డ గొంతు నరాన్ని చుట్టుకుందని, వీలైతే నరాన్ని కాపాడతామని ముందే చెప్పారు. వీలు కాలేదు. కట్టు మార్చేటప్పుడు ఒక చిన్న డాక్టరమ్మ, మంచి పిల్ల, "రెండు మూడు నెలల ముందు వచ్చుంటే దక్కేదేమో ఆంటీ," అంది. ఆమె మామూలుగా అన్న మాట. నేను ఇప్పటికీ దాని కిందే పడుకుని ఉన్నాను.

గొంతు అన్నది పోయింది. గుసగుస మిగిలింది. చెవి దగ్గర పెడితే వినపడుతుంది, పక్క గదిలోకి వినపడదు. అన్నం, నీళ్ళు పొరపాటున ఊపిరి దారిలోకి పోకుండా ఉండాలంటే, మింగిన ప్రతిసారీ గడ్డం ఛాతీకి ఆనించాలన్నారు. తినేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. తల వంచుకుని, మౌనంగా. పందొమ్మిదేళ్ళు ఇంకొకరి చేత చేయించిన పని ఇది.

అక్టోబరులో హైదరాబాదు. మిగిలిన రోగాన్ని చంపడానికి ఒక మందు మాత్ర మింగిస్తారు. మింగాక ఒంట్లోంచి కిరణాలు వస్తాయి కాబట్టి నాలుగు రోజులు ఒక గదిలో ఒంటరిగా ఉంచుతారు. ఎవరూ లోపలికి రారు. భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్తారు. ఆ సంగతి వినగానే నాకేమనిపించిందో దాచను. సంతోషించాను. తెల్ల గోడలు, ఒక మంచం, ఒక కుర్చీ, గుమ్మం దగ్గర పళ్ళెం. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత నాకు నా గది దొరుకుతోంది. లోపలికి తెచ్చిన వస్తువులు బయటికి పంపరని, పోయినా ఫరవాలేదనుకునేవే తెచ్చుకోమని నర్సు చెప్పింది. అయినా నోటుబుక్కు తీసుకెళ్ళాను. ఆ నాలుగు రోజులు అది లేకుండా ఎలా?

నడికుడిలో రైలెక్కేటప్పుడు లూర్దు అడిగింది, "ఆ బుక్కు పోద్దంటన్నారుగా, ఎందుకు వదినా?" బుక్కును సంచి అడుక్కి తోశాను.

ఇదిగో, మఠజీవితం కోరుకునేవాళ్ళు చదవాల్సింది ఇక్కడ ఉంది. మొదటి రోజు నోటుబుక్కు తెరిచాను. ఒక్క పేజీ కూడా లోపలికి పోలేదు. ఇన్నేళ్ళూ నేను చదివింది పైకే. నా గొంతులో ఆ వాక్యాలు మోగితేనే నాకు అర్థమయ్యేవి. గొంతు తీసేస్తే అవి వట్టి అక్షరాలు. ఇంకో సంగతి. ఎదురుగా తల వంచుకుని వినే మనిషి లేకుండా ఆ పుస్తకాన్ని నేను ఎప్పుడూ చదవలేదు. మౌనాన్ని ప్రేమించాననుకున్నాను. నేను ప్రేమించింది నేను మాట్లాడుతుంటే పక్కవాళ్ళు ఊరుకోవడాన్ని.

రెండో రోజు మధ్యాహ్నానికి గోడలు మీద పడుతున్నట్టయింది. తలుపు కొట్టాలనిపించింది. ఫోను మోగింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చిన ఫోను. కింద వరండాలో కూర్చున్న లూర్దు.

"వదినా, నువ్వు మాట్లాడమాక. నేను చెప్తా విను. అవునంటే ఫోను మీద ఒకసారి తట్టు, కాదంటే రెండుసార్లు. ఇడ్లీ తిన్నావా?"

తట్టాను.

"గట్టిగా ఉన్నయ్యా?"

తట్టాను.

"ఇక్కడా అంతే. మన గేదె నిన్న పాలు ఎగ్గొట్టిందంట, పక్కింటి బాబాయి ఫోన్ చేశాడు. నువ్వు లేవని దానిగ్గూడా తెలిసిందేమో. నేనేమో అది నువ్వు లేవని సంతోషంగా ఎగిరి గంతేసి ఉంటదనుకున్నా."

నేను నవ్వితే చప్పుడు రాదు. ఒకసారి తట్టాను. ఆమె గంట సేపు మాట్లాడింది. చార్జింగు, దోమలు, పక్క మంచం ఆమె కోడలు. ఒక్క మాట కూడా నోటుబుక్కులో ఎక్కించదగ్గది కాదు. ఆమె ఫోను పెట్టేస్తుందేమోనని నాకు భయమేసింది. నాలుగు రోజులూ ఆ గొంతు పట్టుకునే బతికాను. నాలుగో రోజు బయటికి పంపేటప్పుడు ఒక మిషను పెట్టి నన్ను చూశారు, తర్వాత నోటుబుక్కును చూశారు. నోటుబుక్కు దగ్గర మిషను కీచుమంది. ఆ మందు కలిసిన నా చెమట చేతులు దాన్ని పట్టుకునే ఉన్నాయి కదా. దాన్ని సంచిలో కట్టేసి లోపలే పెట్టేశారు. కొన్ని నెలలాగి వస్తే ఇస్తామన్నారు. మళ్ళీ వెళ్ళలేదు.

క్రిస్మస్ నాటికి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. నేను పిలిస్తే వంటింట్లోకి వినపడదు కాబట్టి లూర్దు ఆ ఇత్తడి గంటనే నా చేతికిచ్చింది. "నీ గొంతు ఇదే ఇంక," అంది. నీళ్ళు కావాలంటే గంట. మందు వేళయితే గంట. బల్ల దగ్గర కూడా నా కంచం పక్కనే ఉండేది. చదవడం లేదు. బదులుగా లూర్దు మాట్లాడేది. నేను గడ్డం ఛాతీకి ఆనించి మింగుతూ వినేదాన్ని. మొదట్లో గేదె గురించి, కరెంటు బిల్లు తెచ్చే అబ్బాయి గురించి. తర్వాత తర్వాత తమ్ముడి గురించి. పశువుల కొట్టంలో తమ్ముడు ఆమెతో గంటలు గంటలు మాట్లాడేవాడట. అక్కడ నత్తి చాలా తక్కువట. నాకు తెలిసిన తమ్ముడు రోజుకు పది మాటలు మాట్లాడేవాడు.

ఈ ఏడు గుడ్‌ఫ్రైడేకి ఫాదర్ గారు ముందు వరసలో నాకు కుర్చీ వేయించారు. నేను వెళ్ళి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఉపదేశి చదివాడు. ప్రభువు ప్రాణం విడిచిన చోట అందరూ మోకరించారు. నేనూ మోకరించాను.

ఇంటికొచ్చి ఆ రోజు ఒంటిపూట భోజనానికి కూర్చున్నాం. లూర్దు ఏడ్చి ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. అన్నం కలుపుతూ చెప్పింది.

"మీ తమ్ముడికి ఒకేడన్నా అది చదవాలని చానా ఉండేది వదినా. కొట్టంలో గేదెలకు చదివేవోడు. నవ్వుతున్నావా? నిజం. తడబడతా తడబడతా మొత్తం చదివేవోడు. పోయే వారం ముందు గూడా చదివాడు. చదివి, నీ గురించి ఒకమాట అన్నాడు. నీకు చెప్పమన్నాడు గూడా. నేనే ఇన్నాళ్ళు..."

ఆగింది. చెప్పాలా వద్దా అన్నట్టు వేళ్ళు అన్నంలో తిప్పుతోంది. నా నోట్లో ముద్ద ఉంది, గడ్డం ఛాతీకి ఆని ఉంది. తల ఎత్తడానికి లేదు, గుసగుసలాడడానికి లేదు. చెప్పు, చెప్పు అని అడగాలి. నాలుగు నెలలుగా నా గొంతు ఎక్కడుందో నా చెయ్యి అక్కడికే పోయింది. గంట మోగించాను.

లూర్దు నోరు టక్కున మూసుకుంది. చెప్పింది చేసినట్టు కాదు, మనిషి ఆలోచించి చేసినట్టు కూడా కాదు. పందొమ్మిదేళ్ళ అలవాటు. తల వంచుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది.

నేను మింగి, బల్ల మీద వేలితో ఒకసారి తట్టాను. మళ్ళీ తట్టాను. లేచి వెళ్ళి ఆమె చెవి దగ్గర వంగి అడిగాను. "ఏమన్నాడు?"

ఆమె నా కంచం వైపు చెయ్యి చూపింది.

"ఏం లేదులే వదినా. తిను. చల్లారిపోద్ది."

ఆ తర్వాత మూడుసార్లు కాగితం మీద రాసి అడిగాను. అదే జవాబు. గంటను ట్రంకు పెట్టెలో పెట్టేశాను. ఇప్పుడు ఆమెను పిలవాలంటే నేనే లేచి వంటింటి దాకా నడుస్తాను. రోజూ మధ్యాహ్నం ఆమె గేదె గురించి చెప్తుంది, కరెంటు గురించి చెప్తుంది. నేను తల వంచుకుని, మాట్లాడకుండా, తింటూ వింటాను.